ఎర్రగా నిలిచిన నీళ్లు

పాలమూరు, నల్లగొండ జిల్లాలు చూసి రావాలని ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. పని పడితేనే వెళతారు. నేనూ పని మీదే వెళ్లాను. తిరిగొచ్చాక మా కాలేజీలో తోటివాళ్లు చుట్టూ చేరి, ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, అక్కడి మాట ఎలా అర్థమైంది అని ఒకటే ప్రశ్నలు. ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. వరుసగా రాసేస్తే నయమని కూర్చున్నాను.

నాది రేపల్లె తాలూకాలో కాలవ గట్టు మీది పల్లె. రాష్ట్రం ఏర్పడ్డాక ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఈ ఏడు దసరా ముందు మా ప్రిన్సిపాలు గారు పిలిచి ఒక సంగతి చెప్పారు. స్కాట్లండులోని ఒక విశ్వవిద్యాలయం, ఇక్కడి వైద్య కళాశాల కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయట. దక్షిణ తెలంగాణ మెట్ట ఊళ్లలో కొన్నిచోట్ల పిల్లల పళ్లకు గోధుమరంగు చారలు పడుతున్నాయి. పెద్దవాళ్లకు నడుములు, మెడలు బిగుసుకుపోతున్నాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడు అనే పదార్థం ఎక్కువ కావడం దీనికి కారణం. ఏ ఊళ్లో, ఏ బావిలో ఎంత ఉందో, పిల్లల మీద ఏ వయసు నుంచి పనిచేస్తోందో చూడాలని అక్కడినుంచి ఒక డాక్టరు వచ్చింది. ఆవిడకు ఆడవాళ్లతో తెలుగు మాట్లాడగలిగి, నీళ్లు కూడా పరీక్ష చేయగల మనిషి కావాలి.

మా అమ్మ ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. మగడాక్టరు కాదు, ఆడమనిషే అని తెలిశాక కొంత మెత్తబడింది.

డాక్టర్ హెలెన్‌కు యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, ఎండకు కమిలిన మొహంతో, ఎప్పుడూ ఒకే బూడిదరంగు గౌను. జీపు నడిపేది ఖాజా భాయ్, హైదరాబాదు పాతబస్తీ మనిషి, నెరిసిన గడ్డం. సామానంతా రెండు పెట్టెలు. ఒకదాంట్లో పళ్లు చూసే చిన్న అద్దాలు, ఎత్తు కొలిచే కర్ర. రెండోదాంట్లో ఖాళీ సీసాలు, నా మందు బుడ్డి. ఆ మందు ఎర్రగా ఉంటుంది. సీసాలో బావి నీళ్లు పోసి కొంచెం మందు కలిపి గంటసేపు ఆగాలి. మంచి నీళ్లయితే ఎరుపు ఎరుపుగానే నిలుస్తుంది. ఫ్లోరైడు ఎక్కువుంటే ఎరుపు విరిగిపోయి పసుపుకు తిరుగుతుంది. ఆ బుడ్డి వల్ల మా ప్రాణాల మీదికి వస్తుందని అప్పుడు తెలియదు.

నారాయణపేట

మొదట పాలమూరు దిక్కు వెళ్లాం. నీళ్లు బాగున్న ఊళ్ల పిల్లలను ముందు చూసుకుంటే తర్వాత పోల్చుకోవడానికి వీలవుతుందని డాక్టర్ ఆలోచన.

నారాయణపేటలో వీధి వీధినా మగ్గం చప్పుడే. ఒక నేతగాని ఇంటి అరుగు మీద మా పెట్టెలు దింపుకున్నాం. ఆ ఇంటావిడ అంబవ్వ కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేది. నేను "మీ పిల్లలను ఒకసారి పిలుస్తారా అండీ" అంటే, వెనక్కి తిరిగి లోపలివాళ్లతో, "నన్ను అండీ అంటున్నది, ఇనుండ్రి" అని నవ్వింది. మా వైపు అండీ అనకపోతే పొగరంటారు. ఇక్కడ అంటే నాటకమనుకుంటారు. సాయంత్రానికి నేను అది మానేయబోయాను గానీ నాలిక వినలేదు.

డాక్టర్ హెలెన్ తెలుగులో నేర్చుకున్నది ఒకటే మాట, "నోరు తెరువు." పిల్లలు ఆ మాట విని నవ్వేవారు, నవ్వితే పళ్లు కనబడేవి, ఆవిడ పని అయిపోయేది. అంబవ్వ పక్కన నిలబడి అంతా చూసి నాతో అంది: "పిల్లనిచ్చేటప్పుడు పండ్లు జూస్తరు మాదిక్కు. పండ్లు జూసనీకె సముద్రం దాటొస్తరా అమ్మా?"

నేను ఇంగ్లీషులో చెబితే డాక్టర్ పడీ పడీ నవ్వింది. అంతటితో స్నేహం కుదిరింది. ఆడవాళ్లంతా ఆవిడను లోపలికి తీసుకెళ్లి ఎరుపంచు ముదురాకుపచ్చ చీర కట్టారు. నాలుగడుగులు వేసేసరికి కుచ్చిళ్లు జారిపోయాయి. నేనూ ఒక చీర కొన్నాను, పద్దెనిమిది రూపాయలు. చీరాల నేతకన్నా బరువు, కానీ ఆ అంచు పనికి బరువైనా మోయొచ్చు. మధ్యాహ్నం జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పచ్చిపులుసు పెట్టారు. రొట్టె ఒంటిచేత్తో తుంచడం నాకు రాలేదు. అంబవ్వ నా కంచంలోనే తుంచి పెట్టింది.

కల్వకుర్తి దారి

కల్వకుర్తికి ఇంకా కొంత దూరం ఉందనగా టైరు పంచరయింది. ఖాజా భాయ్ జాకీ పెట్టి పని మొదలుపెట్టాడు. దారి పక్కన ఒకామె సీతాఫలాల గంప ముందు పెట్టుకుని కూర్చుంది. గంపంతా కలిపి ఎనిమిదణాలంది. గుంటూరు బజారులో ఆ డబ్బుకు అరడజను రావు.

నేను బేరం చేయకుండా ఇచ్చేశాను. పళ్లు ఒడిలో పోసుకుంటూ ఉండగా డాక్టర్ హెలెన్ జీపు దిగి వచ్చింది. గంపామె వెనక ఆడుకుంటున్న నాలుగేళ్ల పిల్లవాణ్ని చూసి, అలవాటు ప్రకారం నవ్వుతూ "నోరు తెరువు" అంది. గంపామె చటుక్కున ఆ పిల్లవాణ్ని కొంగు చాటుకు లాక్కుంది.

"ఏమ్మా, భయపడ్డావా?" అన్నాను.

"భయం గాదమ్మా. నందికొండ కాడ డ్యాం కడుతున్నరు గద. గోడ నిలుస్తలేదంట. పోరగాండ్లను పట్కపోయి గండ్ల ఏస్తున్నరంట. జీపులల్ల వస్తరంట." ఆమె గొంతు తగ్గించి చెప్పింది, మమ్మల్ని నొప్పించకుండా.

ఖాజా భాయ్ చక్రం కింద నుంచే నవ్వాడు. "కోతలు కోస్తరమ్మా జనం. ఫికర్ జెయ్యకుండ్రి." మా వైపు కూడా వెనకటి ఆనకట్ట కట్టిన రోజుల్లో ఇలాంటి మాట పుట్టిందని మా నానమ్మ చెప్పేది. నేను డాక్టరుకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఇక ముందు పిల్లల దగ్గరికి ముందుగా తను వెళ్లననీ, నేనే వెళ్లి తల్లితో మాట్లాడాలనీ అంది.

అచ్చంపేట దాటి

అచ్చంపేట నుంచి నల్లమల అంచున ఉన్న ఒక పెంటకు, అంటే చెంచుల గూడేనికి, నడిచి వెళ్లాం. పది గుడిసెలుంటాయేమో. నీళ్లు కొండ చెలమవి. నా సీసా ఎర్రగా నిలిచింది. పిల్లల పళ్లు చూస్తే డాక్టరుకే ముచ్చటేసింది. ఒక ముసలాయన తేనెపట్టు ముక్క ఆకులో పెట్టి ఇచ్చాడు. మైనంతో సహా నమలాలని తెలియక నేను తేనె మాత్రం పిండుకోబోతే చేతులూ చీరా అంటుకుపోయాయి. డాక్టర్ హెలెన్ మాత్రం ముక్క మొత్తం నోట్లో వేసుకుంది.

అక్కడిదాకా అంతా తేలిగ్గా జరిగింది. మంచి నీళ్ల ఊళ్లలో మా పనీ మంచిగానే సాగుతుంది, అందులో వింతేముంది.

దేవరకొండ అవతల

ఈ ఊరి పేరు రాయను. ఆ రోజు జరిగినదానికి వాళ్లే తర్వాత బాధపడ్డారు. దేవరకొండ దాటాక నేల రంగు మారింది. ఎటు చూసినా బండరాళ్లు, మధ్య మధ్య ఆముదం చేలు. నందికొండ ఇక్కడికి దూరం కాదు. డ్యాము పనికి ఈ ఊరి నుంచి కూడా కూలికి పోతున్నారు.

పటేల్ మర్యాదగానే ఎదురొచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్లని రుమాలు చుట్టుకుని. ఆయన తమ్ముడు నర్సిరెడ్డి పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు నలభై ఐదుకు మించవు, నడుము మాత్రం సగానికి వంగిపోయింది. డాక్టర్ ఆయన్ని గడ్డం గుండెకు ఆనించమంది. ఆనలేదు. తల పైకెత్తమంది. ఎత్తలేకపోయాడు.

"ఆకాశం జూసి శాన దినాలాయె" అన్నాడాయన. ఫిర్యాదు లాగా కాదు, ఎవరో అడిగిన అడ్రసు చెప్పినట్టు చెప్పాడు.

ఊరి బావి నీళ్లు చెంబుతో ఇచ్చారు. అద్దంలా తేటగా, చల్లగా, తియ్యగా ఉన్నాయి. మా కాలవ నీళ్లు బురదగా వస్తే చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగేవాళ్లం. తేటనీళ్లంటే మంచినీళ్లని నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం. నర్సిరెడ్డిని చూశాక చెంబు ఎత్తి తాగడానికి చెయ్యి ఆగింది. తాగకపోతే బాగుండదని తాగాను.

బడి వరండాలో పిల్లలను కూర్చోబెట్టాం. ఏ నోరు తెరిచినా చారలే. కొందరి పళ్లు అంచులు విరిగి ఉన్నాయి. వరసలో యాదమ్మ అని ఏడేళ్ల పిల్ల ఉంది. ముందున్న పిల్లవాడి నోట్లో డాక్టర్ అద్దం పెట్టడం కళ్లార్పకుండా చూసింది. తన వంతు వచ్చేసరికి లేచి పరుగెత్తింది. పిల్లలు నవ్వారు. ఒకరిద్దరు ఇలా పారిపోవడం మామూలే కాబట్టి మేం పట్టించుకోలేదు. తర్వాతి పిల్లను పిలిచాం.

ఎర్ర బుడ్డి

మధ్యాహ్నం యాదమ్మ తల్లి సాయమ్మ చేలో పని నుంచి వచ్చింది. చంకలో చంటిపిల్లవాడు. ఇంట్లో పిల్ల లేదు, బడిలో లేదు, ఈడు పిల్లల ఇళ్లలో లేదు. ఎవరో పిల్లవాడు "జీపు కాడ జూసిన" అన్నాడట. మేం ఆ మాట వినే సరికే వరండా ముందు జనం చేరారు. ఆముదం చేల నుంచి మగవాళ్లు కొడవళ్లతోనే వచ్చారు.

ఖాజా భాయ్ చేతిలోంచి జీపు తాళం చెవి లాక్కున్నారు. వెనక సీటు ఎత్తి చూశారు. అందులో టైరు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఒక యువకుడు నా పెట్టె తెరిచి బుడ్డి పైకెత్తాడు. ఎండలో అది ఎర్రగా మెరిసింది.

"నెత్తురు" అన్నాడు.

అరుపులేం లేవు. అందరూ ఒక్క అడుగు ముందుకు వేశారు, అంతే. అరిచినా అంత భయం వేసేది కాదు.

సాయమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె కూడా అరవలేదు. "నా బిడ్డ యాడున్నదో జెప్పమ్మా. నీ కాల్మొక్త. ఎవలికి జెప్ప, పట్కొని పోత."

"నాకు తెలియదమ్మా. వరసలోంచి లేచి పరుగెత్తింది. అటే వెళ్లిపోయింది, మేం ముట్టుకోను కూడా లేదండీ" అన్నాను.

"అండీ అంటది. మనదిక్కు మనిషి గాదు" అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఇంకొకరు ఖాజా భాయ్ భుజం పట్టుకున్నారు. డాక్టర్ హెలెన్ ఏం జరుగుతోందని నన్నడిగింది. చెప్పాను. తాను కూడా వెతకడానికి వస్తానని లేచింది. పటేల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఊకోండ్రి అందరు" అన్నాడాయన జనంతో. మా వైపు తిరిగి, "పిల్ల దొర్కేదాంక బండి కదలొద్దమ్మా. మీరు గూడ కదలొద్దు" అన్నాడు.

బుడ్డి ఇంకా ఆ యువకుడి చేతిలోనే ఉంది. కింద పడేస్తే మా పనంతా అక్కడితో ఆఖరు. కానీ నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు పని గుర్తులేదు. దాన్ని నెత్తురనుకున్నంతసేపూ వాళ్లు మమ్మల్ని వదలరని మాత్రం అర్థమైంది.

"పటేల్ గారూ, అది నెత్తురు కాదు. నీళ్లు చూసే మందు. మీ ఎదురుగానే చూపిస్తాను. నెత్తురైతే రంగు మారుతుందా? ఇది మీ బావి నీళ్లలో వేస్తే ఎరుపు పోతుంది" అన్నాను.

"ఎంతసేపు?"

"గంట."

ఆయన ఆ యువకుడితో, "ఇయ్యి ఆమెకు" అన్నాడు. వయసులో ఉన్నవాళ్లను నాలుగు దిక్కులకూ వెతకడానికి పంపాడు. మిగతావాళ్లంతా అక్కడే కూర్చున్నారు.

ఊరి బావి నుంచి చేద వేసి నీళ్లు తెచ్చారు. నేను సీసాలో పోసి మందు కలిపి వరండా మెట్టు మీద పెట్టాను. సీసా ఎర్రబడింది. ఊరంతా దాని ఎదురుగా కూర్చుంది. కాలేజీలో ఎన్ని వందలసార్లు ఏ రంగు ఎప్పుడు మారుతుందో ఆడపిల్లలకు చూపించి ఉంటానో, ఒక్కనాడూ ఇంత దీక్షగా చూసినవాళ్లు లేరు. డాక్టర్ హెలెన్ కుర్చీ వదిలి నా పక్కన నేల మీద కూర్చుంది.

"వాళ్ల స్థానంలో నేనున్నా ఇంతే చేస్తాను" అంది మెల్లగా. "నీకు భయంగా ఉందా?"

ఉందని చెప్పాను. తనకూ ఉందంది. అది విన్నాక కొంచెం ధైర్యం వచ్చింది, ఎందుకో తెలియదు.

సాయమ్మ మాత్రం సీసా వైపు చూడలేదు. పిల్లవాణ్ని చంకనేసుకుని ప్రతి సందు మొదట్లోకీ వెళ్లి, యాదమ్మా అని పిలిచి వస్తోంది. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ఇక్కడి తలలన్నీ అటు తిరిగేవి.

నీడ మెట్టు దాటి వచ్చేసరికి సీసాలో ఎరుపు నారింజ రంగుకు దిగింది. ఇంకాసేపటికి పసుపయింది. పసుపంటే నిమ్మకాయ రసం కాదు, పండు గుమ్మడి పసుపు. మొదట పటేల్ లేచి వచ్చి సీసా చేత్తో ఎత్తి చూశాడు. తర్వాత ఆ యువకుడు. అతను సీసాను వాసన కూడా చూశాడు.

"నెత్తురు గాదు" అన్నాడు తల దించుకుని.

మా భయం కొంత తగ్గిందనుకుంటుండగా నర్సిరెడ్డి కర్ర ఊతంతో సీసా దగ్గరికి వచ్చాడు. వంగిన మనిషి కాబట్టి సీసా ఆయన కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంది. "గట్లయితే మా నీళ్లకు ఏమైందమ్మా?" అనడిగాడు.

జవాబు చెప్పేలోగా వీధి చివర కేక వినబడింది.

హుసేనమ్మ

కేక వేసింది వెతకడానికి వెళ్లిన కుర్రవాళ్లు. వాళ్ల ముందు ఒక ముసలామె నడిచి వస్తోంది. ఒక చేత్తో యాదమ్మను పట్టుకుంది. వెనక ఆమె మనవలు ఇద్దరు. యాదమ్మ చేతిలో కాల్చిన మక్కకంకి.

సాయమ్మ పరుగెత్తి వెళ్లి పిల్ల వీపు మీద ఒక్కటి వేసి, వెంటనే గుండెకు హత్తుకుంది. మక్కకంకి కింద పడింది. పిల్ల దానికోసం ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను మెట్టు మీద కూర్చున్నాను. డాక్టర్ హెలెన్ నా చెయ్యి పట్టుకుంది. ఖాజా భాయ్ "యా అల్లా" అని జీపు మెట్టు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అతని భుజం పట్టుకున్నవాడే పరుగెత్తి చెంబు తెచ్చాడు.

ముసలామె పేరు హుసేనమ్మ. దూదేకుల ఇంటి మనిషి. ఊరికి దూరంగా కుంట పక్కన చేను, ఆ చేలోనే గుడిసె. "ఉరుక్కుంట వచ్చింది పిల్ల. పండ్లు పీకుతుండ్రు అవ్వా, నన్ను దాపెట్టు అన్నది" అని పటేలుకు చెప్పింది. "బువ్వ వెట్టిన. తిని పండుకున్నది. నిద్రల్నుంచి లేపబుద్ధి గాలె. లేసినంక తోల్కొస్తున్న. మీరంత గీడ గిట్ల గూసున్నరని నాకేం ఎర్క?"

పటేల్ మా దగ్గరికి వచ్చి రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "తప్పు వట్టకుండ్రి. పిల్లల సంగతి అయ్యేటాల్లకు మాకు మతి లేకపోయె" అన్నాడు. నేను అది ఇంగ్లీషులో చెప్పాను. డాక్టర్ హెలెన్ ఆయనకు దణ్ణం పెట్టింది, కాస్త వంకరగా. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో హుసేనమ్మ మనవలూ ఉన్నారు. డాక్టర్ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"వాళ్ల పళ్లు చూడు" అంది.

చూశాను. ఇద్దరికీ చార అన్నది లేదు. అచ్చంపేట అవతల చూసిన పళ్లలా ఉన్నాయి.

ఆ పూట పటేల్ ఇంట్లో జొన్నన్నం, కోడికూర. నాకు కారం కళ్లలోంచి కారింది. పెద్ద గిన్నెతో సల్ల పోశారు. మా వైపు దాన్నే మజ్జిగ అంటాం, ఆ మాట ఇక్కడ ఎవరికీ తెలియదని మూడోసారి తెలుసుకున్నాను. అంత ఆకలితో నేనెప్పుడూ తినలేదు.

కుంట పక్క బావి

తెల్లవారి హుసేనమ్మ చేనుకు వెళ్లాం. సాయమ్మ, నర్సిరెడ్డి, ఇంకా చాలామంది వెంట వచ్చారు. లోతులేని దిగుడు బావి, పక్కనే కుంట. నీళ్లు కాస్త మబ్బుగా ఉన్నాయి. నేను మందు కలిపి సీసా ఒక బండ మీద పెట్టాను. యాదమ్మ ఈసారి అందరికన్నా ముందు కూర్చుంది.

గంట గడిచింది. ఎరుపు కదల్లేదు. ఇంకో పావుగంట చూద్దామని నేనే అన్నాను, నమ్మబుద్ధి కాక. అప్పటికీ ఎర్రగానే నిలిచింది.

"మరి ఈ నీళ్లు ఊళ్లోవాళ్లు ఎందుకు తాగరు?" అని హుసేనమ్మను అడిగాను.

"సప్పగుంటయమ్మా. దూరం గూడ గద" అందామె.

ఇంకో కారణం ఉందని సాయమ్మ నాతో విడిగా చెప్పింది. దూదేకులవాళ్ల బావి నీళ్లు ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు ముట్టరట. ఆమె చెబుతుండగా డాక్టర్ హెలెన్ యాదమ్మ నోట్లో అద్దం పెట్టి చూస్తోంది. పిల్ల నోరు తెరిచి నిశ్చలంగా నిలబడింది, ఒక చేత్తో హుసేనమ్మ కొంగు పట్టుకుని.

"ఈ నీళ్లు తాగితే బిడ్డ పండ్లు తెల్లగైతయా?" అని సాయమ్మ అడిగింది.

డాక్టర్ చెప్పింది నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. వచ్చేసిన పళ్లు మారవు. నర్సిరెడ్డి నడుము మళ్లీ నిటారు కాదు. ఇక మీదట ముదరకుండా మాత్రం ఉంటుంది. నర్సిరెడ్డి తల ఊపాడు, ముందే తెలిసినట్టు.

సాయమ్మ చంకలో పిల్లవాణ్ని ముందుకు తిప్పి చూపించింది. వాడికి ఇంకా పళ్లే రాలేదు. "వీనికి?"

"వీడు మొదటి నుంచీ ఈ నీళ్లు తాగితే మంచిగానే ఉంటాడు" అని డాక్టర్ అన్న మాట చెప్పాను.

సాయమ్మ పిల్లవాణ్ని నా చేతికిచ్చి, హుసేనమ్మ ఇంటి కుండ తీసుకుని బావిలోకి దిగింది. నీళ్లతో పైకి వస్తూ, "ఎవలేమన్న అననీ" అంది. వెంట వచ్చిన ఆడవాళ్లలో కొందరు మొహాలు చూసుకున్నారు. ఇద్దరు మాత్రం బిందెలకని ఊళ్లోకి బయలుదేరారు. నేను పిల్లవాణ్ని ఎత్తుకుని నిలబడ్డాను. వాడు నా జడ పట్టుకుని గుంజుతున్నాడు.

నల్లగొండ దారి

మధ్యాహ్నానికి నల్లగొండ చేరాలని పెట్టెలు సర్దుకుని బయలుదేరాం. ఊరి చివర మలుపు తిరగ్గానే దారి నిండా జనం. ఖాజా భాయ్ బ్రేకు వేశాడు. ఇంకెవరి పిల్ల కనబడలేదో అనుకున్నాను.

నర్సిరెడ్డి ముందుకొచ్చాడు. చేతిలో ఇత్తడి చెంబు. ఆయన వెనక ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి. తపేళా, మట్టి ముంత, మందు సీసా, ఒకాయన దగ్గర పిల్లల పాలపీక సీసా. అన్నిట్లోనూ నీళ్లే.

"జర దిగుండ్రమ్మా. మా బాయి గూడ సూడుండ్రి" అన్నాడు నర్సిరెడ్డి.

డాక్టర్ హెలెన్ ఏమంటున్నారని అడిగింది. చెప్పాను. మందు ఎంత మిగిలిందని అడిగింది. బుడ్డిలో సగానికి కొంచెం తక్కువుంది. ఈ రోజు నల్లగొండ పోవడం లేదని డ్రైవరుకు చెప్పమంది. చెబుదామని తిరిగేసరికి ఖాజా భాయ్ అప్పటికే దిగి పెట్టె తాళ్లు విప్పుతున్నాడు.

బడి వరండా మెట్ల మీద సీసాలు వరసగా పెట్టాం. ఎవరి సీసా ఎదురుగా వాళ్లు కూర్చున్నారు. ఎవరో సల్ల తెచ్చారు, ఎవరో బెల్లం. చాలా సీసాలు పసుపుకు తిరిగాయి. తిరిగినప్పుడల్లా ఆ బావివాళ్లు లేచి గమ్మున వెనక్కి వెళ్లి నిలబడ్డారు. రెండు మాత్రం ఎర్రగా నిలిచాయి. ఒకటి చాకలివాళ్ల రేవు చెలమది. రెండోది ఎవరూ అనుకోనిది, బడి ఎదుటే ముళ్లకంప వేసి మూసిన పాడుబావిది. చాన్నాళ్లుగా ఎవరూ వాడడం లేదట, పిల్లలెవరో కంప సందులోంచి ముంత దింపి తోడి తెచ్చారు.

"పూడిక తీపిస్త" అన్నాడు పటేల్. అప్పటికప్పుడు ఇద్దరిని పిలిచి కంప లాగించాడు.

పిల్లలంతా బావి చుట్టూ మూగారు. యాదమ్మ అందరినీ తోసుకుని గట్టు మీదికి వంగి లోపలికి తొంగిచూసింది. సాయమ్మ పరుగున వెళ్లి దాని జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"పడ్తవే. ఇటు రా" అంది.